పదకొండు ఊళ్ళ పాట

ఆపరేషన్ వచ్చే మంగళవారమని డాక్టర్ లింటెలో చెబుతున్నప్పుడు వీబ్రెన్ ఆమె ముఖాన్ని కాక, ఆమె వెనకనున్న కిటికీని చూస్తున్నాడు. ఆసుపత్రి ముందరి కొలనులో బాతులన్నీ ఒక మూలకు చేరి, మిగిలిన కాస్త నీటిని ఈది ఈది గడ్డకట్టకుండా కాపాడుకుంటున్నాయి. మొన్నటి దాకా ఆ కొలనంతా నీరే. గడ్డకట్టే చలి తెచ్చే తూర్పుగాలి మొదలై ఇంకా ఎన్నాళ్ళో కాలేదు.

"స్వరపేటిక మొత్తం తీసేయాలి," అంది డాక్టర్. "మెడకు ముందువైపు రంధ్రం పెడతాం. ఊపిరి ఇక అక్కడినుంచే. మాట కోసం తరవాత ఒక చిన్న కవాటం అమర్చవచ్చు. మాట వస్తుంది. పాట రాదు. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, క్షమించండి."

"కొన్నాళ్ళు ఆగొచ్చా?" అన్నాడు వీబ్రెన్. ఆ రెండు మాటలకే గొంతులో గరుకు కాగితం రాసినట్టయింది.

"దేనికోసం?"

"నీళ్ళు గడ్డకడుతున్నాయి."

డాక్టర్ లింటెలో దేశానికి దక్షిణాన పుట్టి, ఉత్తరాదిన ఉన్న ఫ్రీస్‌లాండ్‌కు ఉద్యోగరీత్యా వచ్చిన మనిషి. ఆమె వీబ్రెన్ భార్య రెన్‌స్కె వైపు చూసింది. రెన్‌స్కె ఒళ్ళో పెట్టుకున్న చేతి తొడుగుల వేళ్ళను ఒక్కొక్కటే సరిచేస్తోంది. మూలన మందుల బండి సర్దుతున్న నర్సు మాత్రం ఉండబట్టలేకపోయింది.

"డాక్టరు గారూ, ఈయనెవరనుకున్నారు? వీబ్రెన్ తెర్‌ప్‌స్ట్రా! మా అమ్మానాన్నల పెళ్ళిలో పాడింది ఈయనే. ఈయన దగ్గర పదకొండు ఊళ్ళ స్కేటింగ్ పందెం పాటొకటుంది. కాలువలు గడ్డకట్టి ఆ పందెం జరిగే రోజున తప్ప దాన్ని పాడనని పదిహేనేళ్ళుగా పట్టు. మా తాతైతే అది వినకుండానే పోయాడు."

"పాట కోసం వాయిదా వేయమంటున్నారా?"

"పాట కోసం కాదండీ," అంది నర్సు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఐసు కోసం."

డాక్టర్ కంప్యూటర్లో తేదీలు వెతికింది. ఆ తరువాత ప్రతి మాటనూ విడిగా పలికింది. "మంగళవారం వదులుకుంటే మళ్ళీ ఖాళీ దొరికేది మూడు వారాలకు. మీ గొంతులో ఉన్నది ఊరికే కూర్చునే రకం కాదు. నేను వద్దంటాను. వద్దన్నానని రాసి కూడా పెడతాను."

"రాసుకోండి. ఆగుతాను," అన్నాడు వీబ్రెన్. లిఫ్టు దాకా వెంట వచ్చిన నర్సు అతని మోచెయ్యి నొక్కి, "ఐసు బాగా కట్టాలి సార్, ఈసారైనా," అంది. ఆ పిల్ల కళ్ళలో నిజమైన ఆశ ఉంది. ఇది పిచ్చిపని అని తనను తిట్టే మనిషి కోసం ఎదురుచూసి, ఆ మనిషి రాకపోయేసరికి వీబ్రెన్‌కు ఒక్క క్షణం భయమేసింది.

రెన్‌స్కె కారు నడిపింది. దారి పొడుగునా ఏమీ అనలేదు. అనడం వాళ్ళింటి పద్ధతి కాదు. ఆ మాటకొస్తే ఆ ప్రాంతపు పద్ధతే కాదు.

వీబ్రెన్ తెర్‌ప్‌స్ట్రా ముప్ఫయ్యేళ్ళు నిండకముందే ప్రసిద్ధి పొంది, నిండకముందే దాన్ని పోగొట్టుకున్నవాడు. తండ్రి పాలవ్యాపారం చేసే రైతు. కొడుకు ఆవుల కొట్టంలో పాడుతూ గొంతు పెంచుకున్నాడు. రెన్‌స్కె అన్న గోసె డ్రమ్ములు వాయించేవాడు. ఇద్దరూ మరో ఇద్దరిని కలుపుకుని శని, ఆదివారాల్లో ఊరి పండుగల డేరాల్లో, ట్రాక్టరు బండ్ల మీద, సొంత ఫ్రీసియన్ భాషలో పాడేవారు. ఒకసారి రేడియో, టీవీ కంపెనీలన్నీ ఉండే హిల్వర్సుమ్ నుంచి రికార్డుల కంపెనీ మనిషి ఒకాయన వచ్చి విని, బీరు గ్లాసు కింద పెట్టి అన్నాడు: "గొంతు బంగారమయ్యా. చిక్కల్లా భాషతోనే. మీ భాష మీకూ మీ ఆవులకూ తప్ప ఎవరికి కావాలి? డచ్చిలో పాడు."

పాడాడు. సముద్రపొడ్డున తడిజుట్టుతో నిలబడ్డ ఒక అమ్మాయిని గురించిన పాట అది. ఆ అమ్మాయినీ, ఆ ఒడ్డునూ హిల్వర్సుమ్‌వాళ్ళే కల్పించారు. ఆ వేసవిలో దేశమంతటా రేడియోలు దాన్నే మోగించాయి. ఎక్కువ అమ్ముడుపోయే పాటల జాబితాలో మూడో స్థానం దాకా ఎక్కింది. వెండిరంగు కోటు తొడిగి టీవీలో నిలబెట్టారు. రెండో రికార్డు అమ్ముడుపోలేదు. మూడోదాన్ని అచ్చు వేయనే లేదు. ఊరికి తిరిగొచ్చినవాణ్ణి ఊరు రానిచ్చింది గాని, ఊరికే రానివ్వలేదు. డచ్చిలో పాడినందుకు "ఏమోయ్ హాలండోడా, మా మాటలు అర్థమవుతున్నాయా?" అని పలకరించేవారు. ఆ పలకరింపు అరిగిపోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. బృందం చెదిరిపోయాక టేపులో వాయిద్యాలు మోగుతుంటే వాటి మీద ఒక్కడే పాడాడు: పెళ్ళిళ్ళలో, ఫర్నిచరు దుకాణాల ప్రారంభాల్లో, వృద్ధుల ఆశ్రమాల్లో. ఎక్కడ పాడినా చివరకు ఆ తడిజుట్టు అమ్మాయినే అడిగేవారు. ఆమెను ముప్ఫయ్యేళ్ళు మోశాడు.

పదకొండు ఊళ్ళ పందెం చివరిసారి జరిగిన శీతాకాలంలో, లేవర్డెన్ బయటి కాలువ గట్టున, ముగింపు గీత దగ్గర అతను జనంలో నిలబడి ఉన్నాడు. గెలిచినవాళ్ళు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయారు. ఆ తరువాత మామూలు జనం వస్తున్నారు: రైతులు, బడిపంతుళ్ళు, పాలబండివాళ్ళు. తెల్లవారకముందు బయలుదేరి, కాలువల వెంట, చెరువుల మీదుగా, పదకొండు ఊళ్ళు చుట్టి, కనురెప్పల మీద మంచు పేరుకుని, కాళ్ళు తమవి కానట్టు వస్తున్నారు. వాళ్ళలో నడివయసు దాటిన ఒక స్త్రీ గీత దాటగానే మోకాళ్ళ మీద కూలి, కిందనున్న మంచుగడ్డను రెండు చేతులతో పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నుంచే పాట వచ్చింది. సొంత భాషలో వచ్చింది. వీబ్రెన్ దాన్ని గోసె వాళ్ళ కొట్టంలో రికార్డు చేసి, ఆ ప్రాంతపు రేడియోలో పనిచేసే స్నేహితుడు యెల్లెకు వినిపించాడు. యెల్లె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఇప్పుడు రేడియోలో వేస్తే ఇదీ అన్నిటిలాంటి ఒక పాటే," అన్నాడు యెల్లె. "మళ్ళీ పందెం జరిగిన రోజున ఆ గీత దగ్గర నిలబడి నువ్వు పాడావనుకో..." వాక్యం పూర్తి చేయలేదు. "దాచు. ఎన్నాళ్ళు? రెండేళ్ళు. మహా అయితే నాలుగు."

దాచాడు. రెన్‌స్కెకు కూడా వినిపించలేదు. "గీత దగ్గర విందువుగాని," అన్నాడు. నీళ్ళు గడ్డకట్టకముందే ఆ పాట పాడడం, కడుపు నిలవకముందే బిడ్డకు పేరు పెట్టడంలా అనిపించింది అతనికి, ఊరికి కూడా. ఒక క్రిస్మస్‌కు టీవీవాళ్ళు అడిగితే కాదన్నాడు. కాదన్నాడని తెలిశాకే ఊరు అతన్ని పూర్తిగా క్షమించింది. కాని ఆ తరువాతి శీతాకాలాలు వర్షంలో తడిసిపోతూ వచ్చాయి. ఒక్కో ఏడు పొలాల అంచున పలచటి పొర కట్టేది, మధ్యాహ్నానికి కరిగేది. అలా పదిహేనేళ్ళు.

ఇప్పుడు తూర్పుగాలి వచ్చింది. కడుతున్న గడ్డ పగలకుండా, కాలువల్లో పడవలు తిరగరాదని ఉత్తర్వు వెలువడింది. ఊళ్ళో ఒకరినొకరు పలకరించుకోని ఇరుగుపొరుగులు కూడా అటకల మీదినుంచి స్కేట్లు దించి, పదును పెట్టే వాడి దగ్గర వరసలో నిలబడి వాతావరణం గురించి నోరు నొప్పెట్టేదాకా మాట్లాడుకున్నారు. స్కేటింగ్ సంఘం చెక్క గుడిసెలో పచ్చిబఠాణీ సూపు మరుగుతోంది, బేరెన్‌బుర్గ్ సారా చేతులు మారుతోంది.

"ఏం వీబ్రెన్, గొంతు అలా బొంగురుపోయిందేం?" అన్నాడు రొట్టెల దుకాణం నడిపే సీబె, ఆ గుడిసెలో. "దాచిపెట్టి దాచిపెట్టి పాటకు తుప్పు పట్టిందా?"

"జలుబు."

"జలుబంటే తేనె తాగు. ఈసారి నువ్వు పాడకపోతే నేనే పాడేస్తా. నా గొంతు విన్నావుగా, ఐసు దానంతటదే పగిలిపోద్ది."

అందరూ నవ్వారు. వీబ్రెన్ కూడా నవ్వాడు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఇంతమంది ఇంత సంతోషంగా ఉన్న చోట తన గొంతులోని పుండును బయట పెట్టడం మర్యాద కాదనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం మంచు కురిసింది. మెత్తగా, నిశ్శబ్దంగా, సాయంకాలం దాకా కురిసింది. పిల్లలు కేరింతలు కొట్టారు. రెన్‌స్కెతో కలిసి నడుస్తూ వీబ్రెన్ గోసె ఇంటి మీదుగా వెళ్ళాడు. గోసె గేటు దగ్గర టోపీ లేకుండా నిలబడి ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆ ఊరి పక్కనుంచి సాగే కాలువ భాగానికి గడ్డను కొలిచి చూసే బాధ్యత పందెం సంఘం తరఫున అతనిదే. అలాంటివాళ్ళు దారి పొడుగునా, భాగానికొకరు చొప్పున, కొద్దిమంది ఉంటారు. దారంతా పదిహేను సెంటీమీటర్ల మందం కట్టిందని వాళ్ళందరూ ఒప్పుకుంటేనే పందెం. గోసె వీళ్ళిద్దరినీ చూసి చెయ్యెత్తాడు, ఏదో అనబోయినట్టు కనిపించాడు, అనకుండానే లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మంగళవారం వచ్చింది, వెళ్ళింది. ఆ ఉదయం రెన్‌స్కె మామూలు కన్నా ముందే లేచి కోటు తొడుక్కుని వంటింట్లో కూర్చుంది. వీబ్రెన్ వచ్చి కాఫీ పోసుకుని ఎదురుగా కూర్చున్నాడు. కారు తాళాలు బల్ల మీద ఉన్నాయి. ఇద్దరూ వాటిని చూడకుండా కాఫీ తాగారు. కాసేపటికి ఆమె కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. సాయంకాలం యెల్లె ఫోను చేశాడు. "సిద్ధమేనా?" అన్నాడు. "సిద్ధమే," అన్నాడు వీబ్రెన్.

మర్నాడు అతను గోసెను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఊరి చివర, పాత ఇనుప వంతెనకు అవతల, జమ్ము పక్కన గోసె మోకాలి మీద కూర్చుని చేతి మరతో గడ్డకు రంధ్రం చేస్తున్నాడు.

"మెల్లగా రా బావా," అన్నాడు తలెత్తకుండానే. "టీవీ స్టారు కాలు విరిగిందంటే మళ్ళీ పేపర్లోకి ఎక్కుతాం."

"ఎంతుంది?"

"ఐసా? ఉంది."

"ఎంతుందన్నాను."

"ఉన్నంత ఉంది. మా ఆవిడకే చెప్పలేదు. నిన్న సూపులో ఉప్పెంత వేశావే అంటే, నీ ఐసెంతో చెప్పు, నా ఉప్పెంతో చెబుతానంది. చప్పటి సూపే తాగా."

వీబ్రెన్ నవ్వలేదు. గడ్డ మీద చతికిలబడ్డాడు. చలి బట్టల్లోంచి వెంటనే పట్టుకుంది.

"గోసె, నా గొంతులో క్యాన్సరు. నిన్న కోసి తీసేయాల్సింది. వాయిదా వేయించా."

మర తిరగడం ఆగింది.

"నిన్నా?"

"నిన్న."

"ఎందుకు వేయించావు?"

వీబ్రెన్ చేత్తో గడ్డను చూపించాడు. గోసె ఆ చేతిని, ఆ తరువాత దాని కింద ఉన్నదాన్ని చాలాసేపు చూశాడు.

"బావా, ఒక్క మాట సాయం చెయ్యి," అన్నాడు వీబ్రెన్. "రేపు మీరంతా కూర్చుంటారుగా. మన భాగం బాగుందను. మన దగ్గర కాస్త తక్కువున్నా మిగతా చోట్ల ఉంటుంది. అంతా కలిసి ముందుకు పోదామంటారు. ఒక్క మాట. నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు."

"కాస్త కాదు."

"ఎంతైతేనేం..."

"వేలమంది వస్తారురా! ఇక్కడికొచ్చేసరికి చీకటి. కాళ్ళు మొద్దుబారిపోయుంటాయి, కళ్ళు సరిగా కనపడవు. ఈ వంతెన కింద ఎవడన్నా నీళ్ళలోకి జారాడనుకో, కింద ప్రవాహం లాక్కుపోద్ది. వాణ్ణి నేను వెతకాలి, మర్నాడు, ఈ మరతోనే. నువ్వక్కడ లేవర్డెన్‌లో నిలబడి పాడతావు. ఏం పాడతావు?"

ఆ మాటకు గోసె కళ్ళే ముందు చెమ్మగిల్లాయి. మరను పక్కకు విసిరేశాడు. అది జమ్ములోకి జారుకుంటూ పోయింది.

"నన్నెందుకడగలేదు?" అన్నాడు, ఈసారి దాదాపు గుసగుసగా. "శుక్రవారమే ఎందుకడగలేదు? మంచు పడ్డ రోజు మా గేటు ముందునుంచే పోయారుగా ఇద్దరూ. ఐసు ఇంకా లేతగా ఉండగానే మీద మంచు దుప్పటి పడింది. దుప్పటి పడ్డాక ఎంత చలైనా కిందికి దిగదు. అప్పుడే తెలిసిపోయింది నాకు, ఈసారి కాదని. మా వాళ్ళకందరికీ తెలుసు. కొలతలు, మీటింగులు, అవన్నీ తరవాత."

"తెలిస్తే చెప్పొచ్చుగా."

"మేం చెప్పం! నీకు తెలీదా మేం చెప్పమని? ఒక్కడు నోరు జారితే దేశమంతా పాకుద్ది." గోసె మంచులో కూర్చుండిపోయాడు. "నువ్వు జబ్బని చెప్పుంటే చెప్పేవాణ్ణి. ఒట్టు. నా పని ఊడినా చెప్పేవాణ్ణి. చెల్లెలు కూడా చెప్పలేదే నాకు."

"నేనే వద్దన్నా."

"దేనికి?"

వీబ్రెన్ లేచి, జమ్ములోంచి మరను తెచ్చి గోసె పక్కన పెట్టాడు. శుక్రవారమే తెలిసుంటే, ఆపరేషన్ మంగళవారం ఇంకా చేతిలోనే ఉండేది. రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక తోట, ఒక గేటు. ఒకడు తన గొంతులోది దాచాడు, ఇంకొకడు తన కాలువలోది దాచాడు. ఇద్దరూ దాచడాన్ని మర్యాద అనుకున్నారు.

ఇంటికి రాగానే ఆసుపత్రికి ఫోను చేశాడు. మధ్యలో ఖాళీ లేదన్నారు. వాయిదా వేసినప్పుడు ఇచ్చిన తేదీకే రమ్మన్నారు. పందెం లేదన్న ప్రకటన టీవీలో వచ్చినప్పుడు గుడిసెలో ఎవరో బల్ల మీద గుద్దిన శబ్దం వీధి దాకా వినిపించింది. రెన్‌స్కె టీవీ కట్టేసి, బంగాళాదుంపల తొక్క తీయడానికి కూర్చుంది. మర్నాడు దేశం నలుమూలలనుంచి జనం వచ్చి, పందెం లేకపోతేనేమని, గట్టిగా ఉన్న చోట్ల మధ్యాహ్నమంతా స్కేట్ల మీద తిరిగారు. నారింజ టోపీలు, పిల్లల బండ్లు, వేడి చాక్లెట్ అమ్మే బల్లలు. ఎండ కూడా కాసింది. సీబె దూరంనుంచే అరిచాడు: "వచ్చే ఏడు, వీబ్రెన్! ఎక్కడికి పోద్ది పాట!"

ఆ తేదీ వచ్చి, మళ్ళీ డాక్టర్ లింటెలో ఎదుట కూర్చునేసరికి కిటికీ అవతల వర్షం. ఆపరేషన్‌కు ముందు తీసిన కొత్త చిత్రాలను ఆమె గోడకున్న తెర మీద చూపింది. మెడలోని పెద్ద రక్తనాళం చుట్టూ క్యాన్సరు చేయి వేసినట్టు అల్లుకుంది.

"ఇప్పుడు కోయలేను," అంది. "కోస్తే బల్ల మీదే పోతారు. రేడియేషన్ ఇద్దాం, నొప్పి తగ్గడానికి."

"స్వరపేటిక?"

"తీయం."

"అంటే గొంతు నాకే ఉంటుంది."

ఆమె తెర కట్టేసింది.

"మూడు వారాల క్రితమే కోసుంటే?" అని అడిగింది రెన్‌స్కె. ఆ గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"నాకు తెలియదు," అంది డాక్టర్. "నిజంగా తెలియదు. తెలిసినా ఇప్పుడు చెప్పను." ఆమె వెళ్ళిపోయే ముందు వీబ్రెన్ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నర్సు ఆ రోజు కనిపించలేదు. కనిపించనందుకు అతనికి ఊరటగా అనిపించింది.

తిరుగుదారిలో, ఊరికి ఇంకా దూరముండగా, కాలువ మీది వంతెన పైకి లేచి ఉంది. పడవల మీద నిషేధం తొలగించాక మొదటి సరుకు పడవలు కదులుతున్నాయి. ఇసుకతో బరువెక్కిన పడవొకటి నల్లటి నీటిని రెండుగా చీలుస్తూ, మిగిలిన గడ్డ పలకలను ఒడ్డుకు నెట్టుకుంటూ నెమ్మదిగా వస్తోంది. రెన్‌స్కె ఇంజను ఆపింది. అద్దం మీద వర్షం ధారలు కట్టింది.

"ఆ మంగళవారం నిన్ను కారులో పడేసి తీసుకెళ్ళుండాల్సింది," అంది ఆమె.

"కోటు వేసుకున్నావుగా."

"వేసుకున్నా."

"మరెందుకు విప్పావు?"

ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, పడవ కేసే చూస్తూ ఉండిపోయింది. పడవ వెనక భాగాన ఆరేసిన ఒక చొక్కా వర్షంలో తడుస్తోంది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు.

"నాకూ వినాలనిపించింది," అంది. "పదిహేనేళ్ళు, వీబ్రెన్. నాకూ వినాలనిపించింది."

అతను గుటక మింగాడు. మింగడమూ ఇప్పుడొక పని.

"ఇప్పుడు పాడనా?"

పడవ దాటింది. గంట మోగి, వంతెన కిందికి దిగడం మొదలుపెట్టింది.

"వద్దు," అంది రెన్‌స్కె. "ఇప్పుడు పాడావంటే నేను బండి నడపలేను."

వంతెన దిగి రోడ్డులో కలిసింది. అడ్డుగా ఉన్న ఎర్రకర్ర పైకి లేచింది. ఆమె తాళం తిప్పలేదు. వెనకనున్న కారువాడు మర్యాదగా ఒకసారి హారన్ కొట్టి, కాసేపు ఆగి, పక్కనుంచి తప్పించుకుని వెళ్ళిపోయాడు. వాడి వెనకవాడు కూడా.